ట్రాక్ కోసం వేసిన కొత్త బ్రేక్ ప్యాడ్లు: నల్గొండ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

నల్గొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. బండి పోలో జీటీ కారు. ముందు చక్రాలకు ఫెరోడో డీఎస్2500 ప్యాడ్లు తెప్పించి వేయించాడు. డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లాలు, ప్యాడ్లు వీటినే నొక్కి బండిని ఆపుతాయి) పాతవే. మూడు వారాల్లో స్నేహితులతో కలిసి మద్రాసు ట్రాక్‌కి వెళ్తున్నాడు, మొదటిసారి. ప్యాడ్లు వేసిన మెకానిక్ "మామూలుగా తిప్పు, రెండు మూడు వందల కిలోమీటర్లకు అవే సెట్ అయితయి" అన్నాడట. ఒక వీడియోలో మాత్రం వంద స్పీడు నుంచి పదిసార్లు గట్టిగా బ్రేకు పట్టమని చూపించారట. ఎవరి మాట వినాలి, సాగర్ రోడ్డు మీద చేసుకోవచ్చా, లేక శ్రీశైలం ఘాట్ ఒకసారి దిగితే సరిపోతుందా అని అడుగుతున్నాడు.

తమ్మీ, నీ మెకానిక్ తప్పు చెప్పలేదు. ఊళ్లో, హైవే మీద తిరిగే బండికి మామూలు ప్యాడ్లు వేస్తే అవి రోజువారీ నడకలోనే సెట్ అవుతాయి. మొదటి రెండు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు లేకుండా నడిపితే చాలు. కానీ నువ్వు వేయించింది ఆ రకం ప్యాడ్లు కావు, వెళ్లేదీ ఆ రకం పనికి కాదు. వీడియోలో చెప్పింది కూడా పూర్తిగా తప్పు కాదు. పదిసార్లు బ్రేకు పట్టడం చూపించి అక్కడితో కెమెరా ఆపేశారు, అంతే. అసలు చిక్కంతా ఆ తర్వాతి పదిహేను నిమిషాల్లో ఉంది. నేను మహబూబ్‌నగర్‌లో షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మన వైపు పిల్లల బండ్ల వెంట మద్రాసుకీ కోయంబత్తూరుకీ చాలాసార్లు వెళ్లాను. ప్యాడ్లు వేడి చేయడం రాక పాడు చేసుకున్నవాళ్లు తక్కువ. వేడి చేశాక ఎక్కడ ఆగాలో, ఎలా ఆగాలో తెలియక పాడు చేసుకున్నవాళ్లే ఎక్కువ. నేనూ అలాగే నేర్చుకున్నాను.

2014 ఎండాకాలం. అప్పుడు నా దగ్గర పాత స్విఫ్ట్ ఉండేది. కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేసి, తెల్లవారుజామున ఐదింటికి 44వ నంబరు హైవే మీద శంషాబాద్ దాటాక ఖాళీ చూసుకుని పది పన్నెండుసార్లు వరసగా గట్టిగా బ్రేకు పట్టాను. కాలిన వాసన లోపలికి వచ్చింది. బ్రేకు కూడా బాగా పట్టుకుంటోంది. పని అయిపోయిందని సంతోషపడ్డాను. షాద్‌నగర్ దగ్గర టోల్ గేటులో నా ముందు నాలుగు లారీలున్నాయి, చిల్లర దగ్గర ఏదో మాటామాటా నడుస్తోంది. రెండు మూడు నిమిషాలు బ్రేకు మీద కాలు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. జడ్చర్ల వచ్చేసరికి ఎనభై మీద బ్రేకు తొక్కితే స్టీరింగు చేతుల్లో కొట్టుకుంటోంది. షెడ్డులో చక్రం విప్పి చూస్తే డిస్కు మీద ప్యాడ్ అచ్చు పడి ఉంది. ప్యాడ్ ఎంత పొడవుందో అంత పొడవు నల్లటి ముద్ర, ప్యాడ్ మధ్యలో గాడి ఉన్నచోట మాత్రం సన్నటి తెల్లని గీత. గోటితో గీస్తే ఆ ముద్ర అంచు చేతికి తగిలింది. వేసి ఒక్క రోజు కూడా కాని డిస్కులు అవి.

ఎందుకలా అయింది? బ్రేకు రెండు రకాలుగా పని చేస్తుంది. ఒకటి, ప్యాడ్ డిస్కును గీకుతూ ఆపడం. రెండోది, ప్యాడ్‌లోని పదార్థం వేడికి పలుచని పొరగా డిస్కు మీదికి చేరి, ఆ పొరా ప్యాడూ ఒకదాన్నొకటి పట్టుకుని ఆపడం. ఆ పొర కంటికి సరిగ్గా కనిపించనంత పలుచన. ట్రాక్ మీద ఎక్కువ వేడిలో పని చేసే ప్యాడ్లు చాలావరకు ఈ రెండో పద్ధతి మీదే ఆధారపడతాయి. అందుకే దుకాణం నుంచి తెచ్చిన ప్యాడ్ ఇంకా పూర్తయిన వస్తువు కాదు. మిగతా పని నీ డిస్కు మీద, నీ కాలితోనే జరగాలి. ఇంట్లో కొత్త ఇనప పెనం తెస్తే అమ్మ ఏం చేస్తుందో గుర్తుంది కదా. నూనె రాసి, ఉల్లిగడ్డ ముక్కతో రుద్ది, సన్నటి మంట మీద కాచి, చల్లారనిచ్చి, మళ్లీ కాస్తుంది. నూనె అంతటా పలుచగా, సమానంగా పట్టాలి. ఒకచోట పేరుకుంటే దోసె అక్కడే అంటుకుంటుంది. డిస్కు విషయమూ అంతే. పొర చుట్టూ సమానంగా పట్టాలి. వేడి ప్యాడ్‌ను ఒకేచోట నొక్కి పెడితే పదార్థం అక్కడే ఎక్కువ దిగుతుంది. తర్వాత తొక్కిన ప్రతిసారీ ఆ చోటే ఎక్కువ పట్టుకుంటుంది, ఎక్కువ వేడెక్కుతుంది, ఇంకా ఎక్కువ పదార్థాన్ని లాక్కుంటుంది. స్టీరింగు వణికితే మనవాళ్లు "డిస్క్ బెండ్ అయింది" అంటారు. చాలాసార్లు డిస్కు వంగదు, పొర ఎగుడుదిగుడుగా పట్టి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి నడిపితే ఆ మచ్చ కింద ఇనుము 650, 700 డిగ్రీలు దాటి సిమెంటైట్ అనే ఇనుము-కార్బన్ పదార్థంగా మారి గట్టిపడుతుంది. అప్పుడు లేత్ మీద ఫేసింగ్ కొట్టించినా (పైపొర చెక్కి చదును చేయించినా) కొన్నాళ్లకు ఆ గట్టి చోటే మళ్లీ పైకి లేస్తుంది. ఇక డిస్కు మార్చుకోవాల్సిందే.

కొత్త ప్యాడ్‌లో ఇంకో సంగతి ఉంది. దానిలోని పొడులన్నిటినీ పట్టి ఉంచేది రెజిన్. మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు, సుమారు 300 డిగ్రీల నుంచి, ఆ రెజిన్‌లో కొంత ఆవిరై బయటికి వస్తుంది. ఆ ఆవిరి ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్యలో చేరి బ్రేకు పట్టును తగ్గించేస్తుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, నువ్వు ఎంత తొక్కినా బండి మాత్రం ఆగదు. సెట్ కాని ప్యాడ్లతో మొదటి ల్యాప్‌లోనే పూర్తి స్పీడుతో మలుపు మీదికి వెళ్లేవాళ్లకు ఇది ఎదురవుతుంది. అందుకే ఈ పని గురించి ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. ఆ ఆవిరేదో నువ్వు సిద్ధంగా ఉన్నప్పుడు, ముందు ఖాళీ ఉన్నప్పుడు బయటికి పోవాలి.

ఇప్పుడు వేడి లెక్క చూద్దాం, ఎందుకంటే రోడ్డు మీద ఎంతవరకు చేయాలో దీన్నిబట్టే తెలుస్తుంది. బండీ నువ్వూ కలిపి 1,200 కిలోలు అనుకుందాం. 60 స్పీడు నుంచి 20కి తగ్గిస్తే బ్రేకులు మింగే శక్తి సుమారు 150 కిలోజౌళ్లు. 100 నుంచి 20కి తగ్గిస్తే సుమారు 445, అంటే దాదాపు మూడు రెట్లు. ఇందులో 70 శాతం దాకా ముందు బ్రేకుల మీదే పడుతుంది. ముందు డిస్కు ఒక్కోటి 5, 6 కిలోల ఇనుము అనుకుంటే, 60 నుంచి తగ్గించిన ప్రతిసారీ డిస్కు 20 డిగ్రీలు పెరుగుతుంది. 100 నుంచి అయితే 60 డిగ్రీల దాకా. ట్రాక్ మీద 140 నుంచి 60కి ఒక్కసారి తగ్గిస్తే చాలు, దాదాపు 100 డిగ్రీలు. మధ్యలో గాలికి కొంత చల్లారుతుంది కాబట్టి ఇవి కచ్చితమైన అంకెలు కావు, కానీ తేడా అర్థమవుతుంది. రోడ్డు మీద మంచిగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా చేయగలిగిన బ్రేకింగ్‌తో డిస్కు 150, 200 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆపై వేడి ట్రాక్ మీదే దొరుకుతుంది. కాబట్టి పనిని రెండు భాగాలు చేసుకో. మొదటి భాగం ఇక్కడ, రెండోది అక్కడ.

వంద నుంచి పదిసార్లు బ్రేకు పట్టడం హైవే మీద చేయొద్దు. నేను చేశాను, ఇప్పుడు చేయను, ఎవరినీ చేయనివ్వను. నీ వెనక లోడు లారీ ఉంటే నువ్వు ఆగినంత దూరంలో అది ఆగలేదు. డివైడర్ కట్ ఉన్న ప్రతి ఊరి దగ్గరా రాంగ్ రూట్‌లో బైకు వస్తుంది. హాలియా మీదుగా సాగర్ పోయే రోడ్డులో సెలవు రోజుల్లో టూరిస్టు బండ్లు, మిగతా రోజుల్లో ట్రాక్టర్లు. యాసంగి కోతలు మొదలైతే రోడ్డులో సగం వడ్లే. ఆరబోసిన వడ్ల మీద చక్రం పడితే బండి జారుతుంది, కుప్ప అంచుకు అడ్డంగా పెట్టిన రాయి మసక వెలుతురులో కనిపించదు. ఆ వడ్ల పక్కన మనుషులు పడుకుని ఉంటారు, అది మరిచిపోవద్దు.

శ్రీశైలం ఘాట్ సంగతి ఇంకో రకం. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అది అమ్రాబాద్ పులుల అడవి, అక్కడ నెమ్మదిగానే వెళ్లాలి. అది పక్కన పెట్టినా, ఘాట్ దిగడం ఈ పనికి అసలు పనికిరాదు. దిగేటప్పుడు బ్రేకు తేలిగ్గా, ఎక్కువసేపు పట్టి ఉంచుతాం. స్పీడు తక్కువ కాబట్టి డిస్కుకు గాలి తగలదు. ప్యాడ్ పైపొర నెమ్మదిగా మాడి అద్దంలా నునుపెక్కుతుంది, పొర మాత్రం డిస్కుకు సరిగ్గా పట్టదు. అలా నునుపెక్కిన ప్యాడ్‌కు పట్టు ఉండదు, కీచుమని అరుస్తుంది. మనకు కావాల్సింది దీనికి ఎదురు: కొద్దిసేపు గట్టిగా పట్టడం, వెంటనే వదిలి గాలికి చల్లారనివ్వడం.

రోడ్డెక్కే ముందు డిస్కుల సంగతి తేల్చుకో. నీవి పాత డిస్కులు కాబట్టి వాటి మీద పాత ప్యాడ్ పొర ఉంటుంది. దాని మీద కొత్త పొర సరిగ్గా పట్టదు. ముందు డిస్కు మందం కొలిపించు. అంచు మీద గానీ, మధ్య గుండ్రటి భాగం మీద గానీ కనీస మందం అంకె పోసి ఉంటుంది. దానికి దగ్గరగా వచ్చి ఉంటే కొత్తవి వేయి, ట్రాక్ మీద పలుచటి డిస్కుతో ఆడుకోకూడదు. మందం బాగుండి, లోతైన గీతలు లేకపోతే 120 నంబరు గరుకు పేపరుతో రెండు వైపులా గుండ్రంగా కాకుండా అడ్డదిడ్డంగా రుద్దించు. పాత మెరుపు పోయి అంతటా ఒకే మసక రంగు రావాలి. తర్వాత బ్రేక్ క్లీనర్‌తో కడిగి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. కొత్త డిస్కులు వేస్తే తుప్పు పట్టకుండా రాసిన నూనె ఉంటుంది. దాన్ని వేడి సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆపైన క్లీనర్ వాడు.

హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) మీద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో గీకించు. మన దగ్గర చాలామంది వదిలేసేది ఇదే. హబ్‌కీ డిస్కుకీ మధ్య పిసరంత తుప్పు పెచ్చు ఉన్నా డిస్కు అంచు దగ్గర అది ఊపుగా మారుతుంది, ఆ ఊపు వల్ల పొర ఒకవైపు ఎక్కువ పడుతుంది. డయల్ గేజ్ ఉన్న షెడ్డయితే ఊపు కొలవమను. 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే మనసుకు నెమ్మది. కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కు మీద నొక్కే భాగం) పిన్నులు వేలితో నెడితే నున్నగా కదలాలి. ఆ పిన్నుకు గ్రీజు వేయాలా వద్దా అనేది కంపెనీ మాన్యువల్‌లో చూడమను. వేయాల్సి ఉంటే రబ్బరుకు పడే బ్రేక్ గ్రీజే వేయాలి. డబ్బాలోని బేరింగ్ గ్రీజు వేస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది. చివరగా చక్రం బోల్టులు. పోలోకి 120 న్యూటన్ మీటర్లు, ఎంత బిగువో చూపే టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగిస్తే డిస్కు సమానంగా కూర్చోదు.

ఇప్పుడు మొదటి భాగం. ఆదివారం తెల్లారేటప్పుడు, వెలుతురు బాగా వచ్చాక, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వైపు పోయే నాలుగు లైన్ల రోడ్డులో ఊళ్లు లేని సూటి ముక్క ఒకటి చూసుకో. వెనక సీట్లో ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టు. వెనక ఏ బండీ లేదని అతను చెప్పినప్పుడే బ్రేకు పట్టు. ముందు పది కిలోమీటర్లు మామూలుగా నడుపు. తర్వాత 60 నుంచి 20కి, మధ్యస్థంగా, ఒకే ఒత్తిడితో తగ్గించు. ఏబీఎస్ (చక్రం జామ్ కాకుండా బ్రేకును వదిలి వదిలి పట్టే ఏర్పాటు) కొట్టుకునేంత గట్టిగా వద్దు. ఏబీఎస్ తెగ్గొట్టి తెగ్గొట్టి పట్టుకుంటే పొర కూడా అలాగే ముక్కలు ముక్కలుగా పడుతుంది. 20కి రాగానే కాలు తీసి మళ్లీ మెల్లగా 60కి వెళ్లు. పూర్తిగా ఆగవద్దు. ఇలా పన్నెండు, పదిహేనుసార్లు. ప్రతిదానికీ మధ్య అర నిమిషం గానీ ముప్పావు నిమిషం గానీ తీసుకో. కొద్దిగా వాసన వస్తే భయపడకు. తర్వాత పదిహేను కిలోమీటర్లు బ్రేకు ముట్టుకోకుండా, ముందున్న బండికి బాగా దూరంగా, గేరుతో వేగం తగ్గించుకుంటూ నడుపు. వెళ్లే దారిలో టోల్ గేటు గానీ సిగ్నల్ గానీ లేకుండా ముందే చూసుకో. ఇంటికి వెళ్లి బండిని రాత్రంతా వదిలేయి.

ఈ భాగం అయ్యాక బ్రేకు ముందుకన్నా కాస్త గట్టిగా పట్టుకుంటుంది, మామూలు నడకకు అది సరిపోతుంది. ట్రాక్‌కి మాత్రం ఇంకా సిద్ధం కాలేదు.

రెండో భాగం మద్రాసులో, నీ మొదటి సెషన్‌లో, అంటే ట్రాక్ మీద తిరగడానికి నీకిచ్చే మొదటి విడతలో. ఇరుంగట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు, 1990 నుంచి నడుస్తోంది. సూటి దారి చివర బాగా గట్టిగా బ్రేకు పట్టాల్సిన చోట్లున్నాయి. మొదటి సెషన్‌లో టైము చూసుకోవద్దని స్నేహితులకు ముందే చెప్పు, లేకపోతే వాళ్ల వెంట పడతావు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగాక మన వైపు నుంచి ట్రాక్‌కి వచ్చే పిల్లలు పెరిగారు, నాకు చాలా సంతోషం. కానీ వాళ్లలో ఎక్కువమంది మొదటి ల్యాప్ నుంచే ముందున్న బండిని పట్టుకోవాలని చూస్తున్నారు.

మొదటి ల్యాప్ బ్రేకులు సగం ఒత్తిడితో. రెండో ల్యాప్‌లో కాస్త పెంచు. మూడు, నాలుగు ల్యాప్‌లలో నువ్వు మామూలుగా బ్రేకు పట్టే చోటు కన్నా చాలా ముందే మొదలుపెట్టి, ఏబీఎస్ రాకుండా గట్టిగా పట్టు. ఇక్కడే ఆ పాత వాసన బలంగా వస్తుంది. ఒకచోట పెడల్ గట్టిగానే ఉన్నా బండి కాస్త తక్కువ ఆగుతున్నట్టు తెలుస్తుంది. అదే ఆవిరి. ముందే మొదలుపెట్టావు కాబట్టి నీకు దూరం మిగిలే ఉంటుంది. అది తెలిసిన వెంటనే ఇక వేడి పెంచకు. తర్వాతి రెండు ల్యాప్‌లు పక్కకు తప్పుకుని, వెనకవాళ్లకు చెయ్యి చూపి దారి ఇచ్చి, వీలైనంత తక్కువ బ్రేకుతో తిరుగు. సూటి దారిలో మరీ మెల్లగా వెళ్లవద్దు, గాలి తగలాలి.

ఆ తర్వాత పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) వస్తావు. ఇక్కడే ఎక్కువమంది పాడు చేసుకుంటారు. పిట్‌లోకి రాగానే కాలు బ్రేకు మీదికి అదే వెళ్తుంది, అలవాటు. గేరులో మెల్లగా దొర్లించుకుంటూ వచ్చి చివర్లో ఒక్క క్షణం తేలిగ్గా తాకి వదిలేయి. బండిని మొదటి గేరులో వదిలేయి, ముందే తెచ్చుకున్న చెక్క ముక్కను చక్రం కింద పెట్టమని స్నేహితుడికి చెప్పు. హ్యాండ్‌బ్రేకు వేయవద్దు. నీ బండికి వెనక డిస్కులు కాదు, డ్రమ్ములు, వేడిగా ఉన్నప్పుడు వాటి లోపలి షూలు బిగించి వదిలేస్తే అవీ పాడవుతాయి. ఒక నిమిషం తర్వాత బండిని అర చక్రం తిరిగేలా ముందుకు తోయండి, ఇంకో నిమిషానికి మళ్లీ ఇంకొంచెం. ప్యాడ్ కింద ఎప్పుడూ ఒకే చోటు ఉండకూడదని. నీళ్లు చల్లవద్దు. ఒకసారి ఒక పిల్లవాడు ప్రేమగా మగ్గుతో నీళ్లు పోయబోతే పరుగెత్తి ఆపాను. వేడి ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే పగుళ్లు వస్తాయి. నలభై నిమిషాలు, గంట వదిలేయి. చక్రం దగ్గర చెయ్యి పెడితే వేడి గాలి తగలకుండా ఉండాలి. ఆ తర్వాతి సెషన్ నుంచి నీ ఇష్టం.

సరిగ్గా పట్టిందో లేదో కంటితోనే తెలుస్తుంది. డిస్కు మీద చుట్టూ ఒకే రకమైన బూడిద రంగు, ఎండలో చూస్తే కొద్దిగా నీలం ఛాయ ఉండాలి. నల్లటి పట్టీలు, ప్యాడ్ ఆకారపు మచ్చలు ఉండకూడదు. ప్యాడ్ పక్కనుంచి చూస్తే డిస్కుకు తగిలే అంచున రెండు మూడు మిల్లీమీటర్ల మేర బూడిదలా తెల్లబడి ఉంటుంది. ఎంత వేడి ఎక్కిందో తెలుసుకోవాలంటే డిస్కు అంచుకు పూసే వేడి రంగులు దొరుకుతాయి. ఆకుపచ్చది 430, నారింజ 560, ఎరుపు 610 డిగ్రీల దగ్గర రంగు మారుతుంది. ఐఆర్ గన్‌ను (తాకకుండా దూరం నుంచి వేడి కొలిచేదాన్ని) నమ్ముకోవద్దు, మెరిసే డిస్కు మీద అది ఉన్నదానికన్నా బాగా తక్కువ చూపిస్తుంది. మచ్చలు పడి ఉంటే అప్పుడే దిగులు పడకు. మొదట్లోనే అయితే మళ్లీ పేపరుతో రుద్ది, మొదటి నుంచి చేస్తే చాలాసార్లు సరిపోతుంది. నా స్విఫ్ట్ డిస్కులు అలాగే దక్కాయి.

ఇంకో తేడా నువ్వు కాలికి నేర్పించాలి. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే అది ప్యాడ్ సమస్య. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంటే అది బ్రేక్ ఆయిల్ మరిగిన సమస్య, ఆయిల్‌లో ఆవిరి బుడగలు పడ్డాయన్నమాట. మొదటిదానికి నిదానిస్తే చాలు. రెండోది వస్తే వెంటనే పెడల్‌ను రెండు మూడుసార్లు చకచకా పంపు కొట్టి, గేరు తగ్గించి, ఖాళీ ఉన్నవైపు బండిని తీసుకెళ్లి, ఆ సెషన్ అక్కడితో ముగించాలి. మంచి ప్యాడ్లు వేసి పాత ఆయిల్ వదిలేసే పిల్లలను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే మంచి ప్యాడ్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, ఆ వేడి ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ గుండా ఆయిల్‌లోకే వెళ్తుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 5.1 రకానికి ఆ హద్దులు 260, 180. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది, అందుకే షెల్ఫులో మూత తీసి పెట్టిన డబ్బా వాడనివ్వద్దు. ట్రాక్‌కి వెళ్లే ముందు వారంలో, సీలు నీ ముందే తీయించి, నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయించి, పూర్తిగా కొత్త ఆయిల్ ఎక్కించు. డాట్ 5 అనే పేరుతో వచ్చే సిలికాన్ ఆయిల్ మాత్రం ఇందులో కలపకూడదు.

చివరగా ప్రయాణం. మిర్యాలగూడ, వాడపల్లి వంతెన దాటి అద్దంకి మీదుగా మద్రాసు 500 కిలోమీటర్లకు పైనే. ఇంత దూరం చల్లటి బ్రేకులతో, తేలిగ్గా తొక్కుతూ వెళ్తే ప్యాడ్ గీకే పద్ధతిలో పని చేసి, మొదటి భాగంలో పట్టిన పొరను కొంత అరగదీస్తుంది. నువ్వు వేసింది రోడ్డుకీ ట్రాక్‌కీ రెండింటికీ నడిచే ప్యాడ్ కాబట్టి ఇబ్బంది లేదు, మొదటి రెండు ల్యాప్‌లతో మళ్లీ వచ్చేస్తుంది. పూర్తి రేసు ప్యాడ్లయితే డిక్కీలో పెట్టుకెళ్లి ట్రాక్ దగ్గరి శ్రీపెరంబుదూర్‌లో ముందు రోజు సాయంత్రం వేసుకోమనేవాణ్ణి. పొద్దున లేచాక మొదటి బ్రేకు కాస్త తక్కువ పట్టుకుంటుంది, కీచుమంటుంది. అది ఈ ప్యాడ్ల గుణం. గరగరమని ఇనుము గీకిన శబ్దం వస్తే మాత్రం ఆగి చూడాలి.

తిరిగి రావడానికి కూడా ప్యాడ్ మిగలాలని గుర్తుంచుకో. ప్రతి సెషన్ తర్వాత మందం చూడు. సగానికి వచ్చిన ప్యాడ్‌తో ట్రాక్ మీదికి మళ్లీ వెళ్లవద్దు, పలుచటి ప్యాడ్ వేడిని ఆయిల్‌కి తొందరగా అందిస్తుంది. నీ పాత ప్యాడ్లు పారేయకుండా డిక్కీలో పెట్టుకో, జాకీ, టార్క్ రెంచ్ కూడా. కొత్త ప్యాడ్లు ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ఏది ఎడమది, ఏది కుడిది, ఏది లోపలిది, ఏది బయటిది అని వెనక ప్లేటు మీద మార్కర్‌తో రాసి పెట్టు. ఏ డిస్కు మీద ఏ వైపు అరిగిందో మళ్లీ అక్కడికే వెళ్లాలి, లేకపోతే ఈ పనంతా మొదటి నుంచి చేయాలి.